మేఘములో మార్గము: ఇంటి సిమ్యులేటర్ల గుణదోషములు

మేఘములో ప్రవేశించిన వైమానికునికి నేల కనబడదు, దిగంతము కనబడదు. అప్పుడతడు తన శరీరము చెప్పుదానిని నమ్మవలెనా, ఎదుటనున్న పరికరములు చూపుదానిని నమ్మవలెనా? 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. పరికరములను చూచి విమానము నడుపుటలో అనుభవము లేని 20 మందికి బయటి దృశ్యము కనబడకుండ చేసిరి. మొదటి యత్నమున ఒక్కరును విమానమును అదుపులో ఉంచుకొనలేకపోయిరి. అదుపు తప్పుటకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు, అనగా మూడు నిమిషములకు లోపు.

కారణము మన చెవిలోనే ఉన్నది. లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు నాళములు మూడున్నవి. వానిలోని ద్రవము తల తిరుగుటను మెదడునకు తెలియజేయును. కాని విమానము ఒకే తీరున వంపు తిరుగుచున్నచో, సుమారు 20 సెకండ్లలో ద్రవము కూడ నాళముతో సమానవేగమును పొందును. అప్పుడు తిరుగుచున్న సంగతియే తెలియదు. పిమ్మట విమానమును తిన్నగా నిలిపినచో, అది ఎదురు దిక్కుకు తిరుగుచున్నట్లు తోచును. గిరగిర తిరిగి ఆగిన పిల్లవానికి ఈ అనుభవము కొత్త కాదు.

ఈ భ్రమను లెక్కచేయక పరికరములనే నమ్మి నడుపుటను పరికరయానమందురు. దాని అభ్యాసమునకు ఇంటి కంప్యూటరుపై పనిచేయు సిమ్యులేటర్లు ఇప్పుడు దొరకుచున్నవి. వానిలో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ అను మూడు ప్రసిద్ధములు. వీనిలో ఏది అందముగా ఉన్నదని చాలమంది అడుగుదురు. పరికరయానము విషయమున ఆ ప్రశ్నయే తప్పు. మేఘములో చూచుటకు ఏమున్నది?

సరియైన కొలబద్దకై 1929వ సంవత్సరమునకు పోవలెను. న్యూయార్కు రాష్ట్రములోని బింగామ్టన్‌లో ఎడ్విన్ లింక్ అను యువకుడు, తండ్రిగారి ఆర్గను వాద్యముల కర్మాగారములో వాడు తిత్తుల సాయముతో ఒక కృత్రిమ విమానమును నిర్మించెను. మొదట అది వినోదస్థలములలో ఆటవస్తువుగా చెలామణి అయినది. 1934లో తపాలా మోయబోయిన సైనిక వైమానికులు పలువురు దుర్వాతావరణములో మరణించిన పిమ్మట, అమెరికా సైన్యము ఆ యంత్రములను ఆరింటిని కొనెను. లింక్ యంత్రముపై మూత వేసినచో లోపలి శిష్యునికి బయటి దృశ్యమేదియు కనబడదు. గురువు బల్లపై మాత్రము చక్రములుగల చిన్న సాధనమొకటి పటము మీద ప్రాకుచు, శిష్యుడు నడిపిన దారిని సిరాతో గీచును. దానిని 'పీత' అని పిలిచెడివారు. దృశ్యము లేదు, చేసిన తప్పు మాత్రము కాగితముపై మిగులును. నేటి సిమ్యులేటర్లలో ఈ పీత ఉన్నదా లేదా అని మనము చూడవలెను.

మైక్రోసాఫ్ట్ వారి సిమ్యులేటర్ 1982 నుండి వచ్చుచున్నది. 2020, 2024 సంవత్సరములలో దాని కొత్త రూపములు వెలువడినవి. భూగోళమునంతటిని ఛాయాచిత్రముల ఆధారముతో చూపుట దాని ఘనత. నేలను చూచుచు దారి కనుగొను అభ్యాసమునకు అది మిక్కిలి తగినది. దాని పరికరములు కూడ తీసివేయదగినవి కావు. కాని ఆ చిత్రములు ఇంటర్నెట్ ద్వారా రావలెను. శక్తిగల కంప్యూటరు కావలెను. పరికరయానమునకు ఈ వ్యయములో చాలభాగము నిరుపయోగము. పైగా ఇంత సుందరమైన దృశ్యము ఎదుటనున్నప్పుడు విద్యార్థి చూపు పరికరములపై నిలువదు.

ఎక్స్-ప్లేన్ పద్ధతి వేరు. అది రెక్కలను, ప్రొపెల్లరును చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగముపై గాలి కలిగించు బలమును లెక్కకట్టును. దాని 12వ రూపము 2022లో పూర్తియైనది. ఏ పరికరము ఎప్పుడు చెడవలెనో మనమే నిర్ణయింపవచ్చును. విమానమును రన్‌వేకు కొన్ని మైళ్ళ దూరమున నిలిపి, దిగుటను మరల మరల అభ్యసింపవచ్చును. ఎత్తు, వేగము, దిశ మొదలగు అంకెలను ఫైలులో వ్రాయించుకొనవచ్చును. లింక్‌గారి పీత ఇక్కడ బ్రతికియున్నది.

ఫ్లైట్‌గేర్ 1997లో మొదట వెలువడినది. స్వచ్ఛందముగా పనిచేయువారు దానిని పెంచుచున్నారు. అది ఉచితము, దాని ప్రోగ్రామును ఎవరైనను చదివి మార్చుకొనవచ్చును. దృశ్యములు సాదాగా ఉండును. అందలి విమానములన్నియు ఒకే నాణ్యము కలవి కావు; శ్రద్ధతో చేయబడిన సెస్నా 172 వంటిదానిని ఎంచుకొనవలెను. అమర్చుకొనుటకు ఓపిక కావలెను. అంకెలను నమోదు చేయు ఏర్పాటు ఇందును కలదు.

ఏ సిమ్యులేటరునైనను విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. భూమి ఉత్తరార్ధమున విమానమును ఉత్తరముఖముగా నడుపుచు తూర్పునకు తిప్పుడు. నిజమైన అయస్కాంతపు దిక్సూచి మొదట పడమరకు తిరుగుచున్నట్లు చూపును. సిమ్యులేటరులోనిది అట్లు చూపుచున్నదా? తరువాత గైరోస్కోపులను త్రిప్పు గాలిపంపును చెడగొట్టుడు. కృత్రిమ దిగంతము తటాలున పడిపోరాదు. గైరోస్కోపు వేగము తగ్గినకొలది మెల్లగా ఒరుగవలెను. ఆ మెల్లదనములోనే అపాయమున్నది, ఏలనగా చెడిన పరికరము కొంతసేపు మంచిదానివలెనే కనబడును.

ఇక ఒక లెక్క. రన్‌వేకు దిగు దారి సాధారణముగా 3 డిగ్రీల వాలు కలది. నావిక మైలుకు 6,076 అడుగులు. 3 డిగ్రీల టాంజెంటు 0.0524. కావున మైలుకు సుమారు 318 అడుగులు దిగవలెను. గంటకు 90 నావిక మైళ్ళ వేగమున నిమిషమునకు మైలున్నర గడచును. అనగా నిమిషమునకు దాదాపు 480 అడుగులు. సిమ్యులేటరు వ్రాసిన అంకెలను గ్రాఫు కాగితముపై ఈ రేఖ ప్రక్కన గీచినచో, ఎవరి చేయి ఎచ్చట తడబడినదో తరగతికంతకు తెలియును.

అయితే ఈ మూటికిని సమానమైన లోపమొకటి కలదు. ఇంటి కుర్చీ కదలదు, చెవి మోసపోదు. ముళ్ళను వరుసగా చూచుటను ఇవి నేర్పగలవు. అబద్ధమాడు శరీరమును ధిక్కరించుటను నేర్పలేవు. అమెరికా నియమముల ప్రకారము పరికరయానపు అర్హతకు 40 గంటల అనుభవము కావలెను. ఇంటిలో ఒంటరిగా చేసిన అభ్యాసము అందులో చేరదు. ప్రభుత్వామోదము పొందిన శిక్షణసాధనముపై, గురువు సమక్షమున చేసినదే, సాధనమును బట్టి 10 లేక 20 గంటల వరకు చేరును. ఆటను నిలుపు మీట మేఘములో ఉండదు గదా!

కావున మా నిర్ణయమిది. పరికరయానమును పట్టుదలతో అభ్యసింపదలచినవారికి ఎక్స్-ప్లేన్ తగినది. పాఠశాలకు ఫ్లైట్‌గేర్ చాలును. భూమి అందమును చూడగోరువారు మైక్రోసాఫ్ట్ వారిదానిని కొనవచ్చును. ఏది కొన్నను, తెరపై కిటికీ కనబడు భాగమును ఒక అట్టముక్కతో మూసి అభ్యసింపుడు. అది లింక్‌గారి మూతతో సమానము; వెల మాత్రము లేదు.