పద్యం విప్పడం, వాక్యం కట్టడం

తెలుగు నేలమీద కావ్యపాఠం చాలాకాలం రెండు చోట్ల సాగింది. ఒకటి వీధిబడి అరుగు, రెండోది ఇంటి వసారా. అరుగుబడి గురించి రాసినవాళ్లు ఎక్కువ. వసారా చదువు మాత్రం లెక్కల్లో ఒకసారి మెరిసి మాయమైంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల నుంచి చదువుల లెక్కలు తెప్పించాడు. బంధువుల దగ్గరో, ఇంటికి వచ్చే పంతులు దగ్గరో చదువుకునే పిల్లలు ఒక్క మద్రాసులోనే 26 వేలకు పైగా ఉన్నారని అక్కడి కలెక్టరు రాసి పంపాడు. బడికి వెళ్లేవాళ్లకు అది దాదాపు అయిదింతలు. అంకెలో ఏదో పొరపాటు ఉండి ఉంటుందని మన్రో 1826లో సందేహం వెలిబుచ్చాడు గాని, ఇంటి చదువు తీసిపారేయదగింది కాదని ఒప్పుకున్నాడు.

అదే విచారణకు బదులుగా 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ ఒక నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. జిల్లాలో 533 బడులున్నాయని లెక్క తేల్చి, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పడాన్ని మెచ్చుకున్నాడు. ఆ వెంటనే ఒక దెబ్బ కూడా వేశాడు. పిల్లలు పద్యాలు ఎన్నో అప్పజెబుతారు గాని, వాటి అర్థం చిలకకు ఎంత తెలుసో వీళ్లకూ అంతే తెలుసన్నాడు. ఈ విద్యను కాదనేవాళ్లు ఇప్పటికీ మొదట ఎత్తిచూపేది ఇదే. విమర్శ అబద్ధం కాదు. అయితే కాంప్‌బెల్ చూసింది మొదటి మెట్టు. పాఠం అసలు మొదలయ్యేది రెండో మెట్టు మీద.

మొదటి మెట్టు వల్లె వేయడం. సాయంత్రం పెద్దవాళ్లు పద్యాన్ని ఒక్కో పాదం చెబితే పిల్ల తిరిగి చెబుతుంది. పొద్దున్నే ముఖం కడుక్కోగానే అప్పజెబుతుంది. పద్యాల ఎంపికలో ఒక తెలివి ఉంది. సుమతీ శతకం, కృష్ణ శతకం కందపద్యాలు, వేమనవి ఎక్కువగా ఆటవెలదులు. పాదాలు పొట్టివి కాబట్టి చిన్న నోటికి పడతాయి. ఊపిరి కాస్త నిలిచే వయసు వచ్చాక దాశరథీ శతకం, భాస్కర శతకం అందుకుంటారు. అవి ఉత్పలమాలలు, చంపకమాలలు. పాదానికి ఇరవై, ఇరవై ఒక్క అక్షరాలు. ఆ తరువాత పోతన: గజేంద్ర మోక్షం, ప్రహ్లాద చరిత్ర, రుక్మిణీ కల్యాణం. ఛందస్సు పేరు చెప్పకుండానే ఛందస్సు చెవికెక్కుతుంది. గురువు, లఘువు అంటే ఏమిటో తరువాత ఎప్పుడో చెప్పినప్పుడు, తెలిసినదానికే పేరు పెట్టినట్టుంటుంది.

దీనికి పక్కనే నిఘంటువు నడిచేది. నిఘంటువును కంఠస్థం చేయడం ఈ కాలానికి వింతగా తోస్తుంది. కాని సంస్కృతానికి అమరకోశం, తెలుగుకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అకారాది క్రమంలో ఉండవు. ఒకే అర్థమున్న మాటల్ని పద్యంలో గుచ్చి, విషయాన్నిబట్టి వర్గాలుగా పేరుస్తాయి. పద్యం రాసేవాడికి ఇది పనిముట్ల పెట్టె. నీటిని ‘నీరు’ అంటే గురువు, లఘువు. ‘జలము’ అంటే మూడు లఘువులు. ఈ రెండూ సూర్యగణాలే. ‘తోయము’ అంటే భగణం, అది ఇంద్రగణాల్లో చేరుతుంది. ఎక్కడ ఏది ఇముడుతుందో చేతికి తెలియాలంటే మాటలన్నీ నాలుక చివర ఉండాలి. పద్యం జోలికి పోనివాళ్లకూ దీనివల్ల ఒక లాభముంది. ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు పడితే చెవి వెంటనే పట్టేస్తుంది.

రెండో మెట్టు అన్వయం. ఈ విద్యకు ప్రాణం ఇక్కడుంది. పద్యంలో మాటలు యతి కోసం, గణం కోసం చోటు మార్చుకుంటాయి. సంధుల్లో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటిని విడదీసి, మామూలు వాక్యం వరసలో మళ్లీ నిలబెట్టడమే అన్వయం. ఉదాహరణ కోసమే కట్టిన ఈ ఆటవెలది సగాన్ని చూడవచ్చు:

కొమ్మ విడిచి పిల్ల కోయిల యెగసె నా
మావితోట దాటి మబ్బు దాక

ముందు పదవిభాగం చేయాలి. మొదటి పాదం చివర ‘ఎగసెను’, ‘ఆ’ అని రెండు మాటలున్నాయి. ఆ ‘ఆ’ నిజానికి కింది పాదంలోని మావితోటకు చెందింది. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. పాదం ముగిసింది కాబట్టి వాక్యమూ ముగిసిందనుకుంటారు. విడదీశాక రెండు దారులున్నాయి. దండాన్వయంలో కర్తతో మొదలుపెట్టి క్రియ దాకా ఒకే వరసలో పోతారు: పిల్ల కోయిల కొమ్మ విడిచి, ఆ మావితోట దాటి, మబ్బు దాక ఎగసెను. ఖండాన్వయం క్రియతో మొదలై ప్రశ్నలమీద నడుస్తుంది. ఎగసెను. ఏది ఎగసింది? కోయిల. ఎటువంటి కోయిల? పిల్ల కోయిల. ఏం చేసి? కొమ్మ విడిచి. ఇంకేం చేసి? తోట దాటి. ఏ తోట? ఆ మావితోట. ఎందాక? మబ్బు దాక. ఒక్క మాట మిగిలిపోయినా ప్రశ్న ఒకటి తప్పిపోయిందన్నమాట. వ్యాకరణ పరిభాష ఒక్కటీ వాడకుండా కర్త, విశేషణం, అసమాపక క్రియ అన్నీ ఈ ప్రశ్నల్లోనే తెలిసిపోతాయి.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని ప్రతీతి. తాను అన్వయం దారినే వ్యాఖ్యానిస్తాననీ, మూలంలో లేనిది, అక్కర్లేనిది రాయననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. శతాబ్దాలుగా రఘువంశం చదివే పిల్లలకు ఆయన వ్యాఖ్యే కనిపించని మాస్టారు. తెలుగులో ఆ పని టీకాతాత్పర్యాలు చేశాయి. వసుచరిత్రకు జూలూరి అప్పయ్య వ్యాఖ్య, ఆముక్తమాల్యదకు వేదము వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య, వావిళ్లవారి సటీక ముద్రణలు ఇంట్లో పండితుడు లేని లోటును కొంత తీర్చాయి. కొంతే. పుస్తకం జవాబులు చెబుతుంది. ఖండాన్వయానికి కావలసినది ప్రశ్నలడిగే మనిషి. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్లను ఇలా పది ప్రశ్నలు అడగడం సాగదు, అందుకే బడిలో అన్వయం పోయి ప్రతిపదార్థం, అదీ గైడులోది, మిగిలింది. ఇంట్లో ఒకరికి ఒకరు కూర్చున్నప్పుడు ఆ చిక్కు లేదు. ఇంటి చదువుకు ఈ పద్ధతి అంతగా అతికేది అందుకే.

మూడో మెట్టు రాత. అన్వయం చేసిన పిల్ల అప్పటికే సగం రాసినట్టే, ఎందుకంటే ప్రతి పద్యమూ ఆమె చేతిలో ఒక వచనవాక్యంగా మారింది. ఆ వాక్యాన్ని కాగితం మీద పెట్టడం, పాత మాటలకు ఇంటి మాటలు వేసి ఇంకోసారి రాయడం, కథ మొత్తాన్ని పుస్తకం మూసి సొంతంగా చెప్పడం, ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. చూచిరాత, ఉక్తలేఖనం అక్షరదోషాలను దిద్దుతాయి. అంతకు మించి వాటినుంచి ఆశించనక్కర్లేదు. వచనానికి నమూనాగా చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రిక తరాలపాటు నిలిచింది. దాని గ్రాంథికం ఇప్పటి పిల్లల రాతకు అచ్చు కాకూడదు గాని, పొడుగాటి వాక్యం కూలిపోకుండా ఎలా నిలబడుతుందో చూపడానికి అంతకన్నా మంచి పుస్తకం దొరకదు.

కాస్త ముదిరినవాళ్లకు అవధానం నుంచి రెండు ఆటలు అరువు తెచ్చుకోవచ్చు. సమస్యాపూరణంలో అసంబద్ధంగా కనిపించే పాదం ఒకటిచ్చి, మిగతా పాదాలతో దాన్ని సబబుగా తేల్చమంటారు. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి, అడిగిన విషయం మీద పద్యంలో ఇమడ్చమంటారు. ఛందస్సు రానివాళ్లు వీటిని వచనంలోనూ ఆడవచ్చు. ‘సెలవు మీద వ్యాసం రాయి’ అంటే గోళ్లు కొరుక్కునే పిల్ల, ‘గొడుగు, ఉప్పు, రైలు, తాతయ్య వచ్చేట్టు అయిదు వాక్యాలు రాయి’ అంటే పెన్ను అందుకుంటుంది.

ఈ విద్యకు లోపాలున్నాయి. దాని తలుపులు చాలా కులాలకు మూసే ఉన్నాయి, ఆడపిల్లలకైతే ఓరగా తెరిచారు. సొంత అనుభవం రాయమని అది ఎవరినీ అడగలేదు. వర్ణన అంటే పాత వర్ణనల మీద మరో వర్ణన. కావ్యాలు చదివినవాళ్లంతా రచయితలు కాలేదు, చాలామంది అనుకర్తలుగానే మిగిలారు.

అయినా ఇంటి చదువు ఏం చేయగలదో చూపేవాళ్లు లేకపోలేదు. బండారు అచ్చమాంబ (1874–1905) బడి మెట్లెక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఇంట్లో చదువుకుంటుంటే ఆయన దగ్గరే చదువు నేర్చుకుంది. అబలా సచ్చరిత్ర రత్నమాల ఆమెదే. తెలుగు తొలి కథల్లో ఒకటైన ‘ధనత్రయోదశి’ని 1902లో రాసింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) ఇంగ్లీషు బడికి వెళ్లలేదు. పొలమూరు వైదిక కుటుంబంలో సంస్కృత కావ్యాలమీద పెరిగాడు. ఆయన కథల్లోని జీవభాష మాత్రం గోదావరి ఒడ్డున ఇంటి ఆడవాళ్లు మాట్లాడుకున్నది. కావ్యపాఠం ఆయన భాషను గ్రాంథికంలో బిగించలేదు. మాట ఎక్కడ పడితే బలమో చెవికి నేర్పి వదిలేసింది.

ఇవాళ హైదరాబాదులోనో, డాలస్‌లోనో పిల్లలకు ఇంట్లోనే తెలుగు సాహిత్యం చెప్పాలనుకునే తల్లిదండ్రులకు పాండిత్యం లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ఒక సటీక ప్రతి, శబ్దరత్నాకరం నిఘంటువు, ఒక నోటుపుస్తకం చాలు. ఒక్కటే నియమం: తాత్పర్యం ఉన్న భాగాన్ని కాగితంతో కప్పి ఉంచాలి. పద్యం రెండుసార్లు పైకి చదవాలి, పదాలు విడదీయాలి, క్రియను వెతికి పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టాలి. చిక్కిన అర్థాన్ని పిల్ల తన మాటల్లో రాశాకే కాగితం తీయాలి. తన వాక్యానికీ, టీకాకారుడి వాక్యానికీ తేడా ఎక్కడ వచ్చిందో అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒక్కోసారి పిల్ల చెప్పిన అన్వయమే బాగుంటుంది, అలాంటప్పుడు ఆ మాట ఒప్పుకోవాలి. వారానికి మూడు పద్యాల చొప్పున నడిస్తే నూట ఎనిమిది పద్యాల శతకం ముప్పయ్యారు వారాల్లో పూర్తవుతుంది. ఆ సరికి నోటుపుస్తకంలో నూట ఎనిమిది వచనవాక్యాలు పిల్ల చేతిరాతలో ఉంటాయి. మరుసటి ఏడు గజేంద్ర మోక్షానికి వెళ్లవచ్చు.