అంగిలి మీద పడాల్సిన చూపు

ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పొగ పీల్చే అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, తరతరాలుగా ఉంది; అడ్డపొగ అనే ఈ అలవాటులో వేడి, పొగ రెండూ నేరుగా అంగిలిని తాకుతాయి కాబట్టి, సాధారణంగా బుగ్గ లోపలో, నాలుక అంచునో పుట్టే క్యాన్సర్ ఇక్కడ అంగిలి మీద కూడా మొదలవుతుంది. తొలిదశలో నొప్పి అరుదు గనుక, రోగి చెప్పుకునే బాధ కోసం ఎదురుచూసే వైద్యం ఆలస్యమైన వైద్యమే అవుతుంది.

అందుకే పంటినొప్పితో వచ్చినవారికైనా నోరంతా చూడాలి. కట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వాల్చి, అంగిలి మీద వెలుతురు పడేలా చూసుకోవాలి. గాజుగుడ్డతో నాలుక కొస పట్టి పక్కకు లాగి, వెనుక అంచుల దాకా పరిశీలించి, గట్టిదనం ఉందేమో వేలితో తడిమి, మెడలోని గ్రంథులనూ నొక్కి చూడాలి. గీకినా పోని తెల్లమచ్చకు మరే కారణమూ తేలకపోతే దానిని ల్యూకోప్లేకియా అంటారు. ఎరిత్రోప్లేకియా అనే ఎర్రమచ్చ అంతకంటే అరుదు, అంతకంటే ప్రమాదకరం. తెలుపు కంటిని లాగుతుంది గనుక ఎరుపును వెతికి చూడటం నేర్చుకోవాలి. వక్క, గుట్కా నమిలేవారిలో బుగ్గల లోపల పట్టీల్లాంటి బిగువు ఏర్పడి నోరు తెరుచుకోకపోవడం సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. ఇదీ క్యాన్సర్‌కు దారితీయగల స్థితే.

కంటిచూపు అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది, నిర్ధారణ బయాప్సీది. ఒరుసుకునే పంటిని సరిచేసిన తరువాత రెండు వారాల్లో మానని పుండు నుంచి ముక్క తీయాలి. అదీ మధ్యలోని చచ్చిన కణజాలం నుంచి కాక, ఎర్రగానో గట్టిగానో ఉన్న అంచు నుంచి తీసి, 10 శాతం ఫార్మలిన్‌లో వేసి పంపాలి. కణాల ఆకారం, వరుస చెదిరినా అవి పైపొరను దాటకుంటే డిస్‌ప్లేసియా, ఆధారపొరను ఛేదించి లోపలికి చొచ్చుకుపోతే క్యాన్సర్. మచ్చ అనుమానాస్పదంగా ఉండి నివేదిక నిరపాయమని చెబితే, మళ్లీ ముక్క తీయడానికి సంకోచించకూడదు.

ఈ చూపుకున్న విలువను కేరళలోని తిరువనంతపురం జిల్లాలో జరిగిన అధ్యయనం నిరూపించింది: శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోళ్లు పరీక్షించిన ప్రాంతాల్లో, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అయితే పరీక్షకు ముందు ప్రశ్న ఉంది, "అమ్మా, అడ్డపొగ తాగుతారా?" అని నిందలేని గొంతుతో అడిగినప్పుడే నిజం బయటికి వస్తుంది, మందలింపు ఎదురైన మనిషి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కకపోవచ్చు.