ఓడిన్ కాకులూ, తోట రాముడూ

నూజివీడు మామిడి తోటల్లో కోతల కాలం వస్తే రాత్రిళ్లు కావలి ఉండడం పాత ఆచారం. పాక ముందు నులకమంచం వేసుకుని పెద్దవాళ్లు మంత్రగాడి కథలు చెబుతుంటే పిల్లలు ఊ కొట్టేవాళ్లు. ఈ వేసవిలో నేను వెళ్లిన తోటలో, సెలవులకు ఇంటికి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి ఒకడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కాకుల్ని కొడుతున్నాడు.

“ఓడిన్ కాకులు మాస్టారూ. మొత్తం 51. నాకింకా 12 మిగిలాయి” అన్నాడు.

ఆ ఆట 2018లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’. ఆ కాకులు మాత్రం చాలా పాతవి. 13వ శతాబ్దంలో ఐస్‌లాండులో గ్రంథస్థమైన ఎడ్డాలలో అవి రెండే: హుగిన్, మునిన్. ఒకటి ఆలోచన, రెండోది జ్ఞాపకం. రోజూ లోకమంతా తిరిగి వచ్చి దేవతల రాజు చెవిలో వార్తలు చెబుతాయి. ఆలోచన తిరిగి రాదేమోనని ఓడిన్‌కు భయం. జ్ఞాపకం తిరిగి రాదేమోనని అంతకన్నా ఎక్కువ భయం. సర్వజ్ఞుడైన దేవుడికి తన జ్ఞాపకం మీదే నమ్మకం లేదన్న ఈ ఊహ ఎంత లోతయినదో చెప్పనక్కర లేదు. ఆటలో అది 51 గురులుగా మారింది. అన్నీ కొడితే లెక్క పూర్తి.

ఇక్కడ కొందరు మిత్రులు తొందరపడి, ఇదంతా పాశ్చాత్య పెట్టుబడి మన యువకులకు పోస్తున్న మత్తుమందు, విరుగుడు మన పురాణాలే అంటారు. ఈ వాదం నాకు సమ్మతం కాదు. హోమరు ‘ఒడిస్సీ’ని చందమామ ‘రూపధరుని యాత్రలు’గా చెప్పినప్పుడు తెలుగు పిల్లలు చెడిపోలేదు సరికదా, బాగుపడ్డారు. పరాయితనం దోషం కాదు. తిరగరాయడమూ దోషం కాదు. గద్య ఎడ్డాను 1220 ప్రాంతంలో కూర్చిన స్నోరి స్టుర్లుసన్ క్రైస్తవుడు, ధనికుడైన నాయకుడు. ఆ దీవి మతం మారి అప్పటికే రెండు శతాబ్దాలు గడిచింది. మనం ఆదిమమని పొంగిపోయే కథ మన చేతికి రాకముందే ఒక వర్గం చేతిలో నలిగి వచ్చిందన్నమాట.

దోషం మరోచోట ఉంది. కథలో ఉన్న మానవ సంబంధాన్ని తీసేసి, పేరును మాత్రం ఉంచుకోవడంలో ఉంది.

‘గ్రెట్టిర్ సాగా’ చూడండి. అందులో గ్లామ్ అనే ప్రేతం ఉంది. ప్రేతం కాకముందు అతడు ఒక రైతు దగ్గర జీతానికి కుదిరిన గొర్రెల కాపరి. పండుగనాడు మంచులో గొర్రెల్ని తోలుకుపోయి శవమై దొరికాడు. తరవాత లేచి వచ్చి ఆ లోయనంతా పీడించాడు. వీరుడు గ్రెట్టిర్ అతణ్ణి గెలిచాడు గాని, గ్లామ్ చస్తూ పెట్టిన శాపంవల్ల బతికినన్నాళ్లూ చీకటికి భయపడ్డాడు. గెలుపుకు ఖరీదు ఉంది. ప్రేతానికి పేరూ, వృత్తీ, యజమానీ ఉన్నారు. 2011 నాటి ‘స్కైరిమ్’లోనూ ఇదే జాతి ప్రేతాలు సమాధుల నిండా ఉన్నాయి. వాటిలో చాలావాటికి పేరు లేదు. కొడితే కాసిని నాణాలు రాలతాయి, ఆటగాడి సామర్థ్యం పెరుగుతుంది. గెలిచినవాడు పోగొట్టుకునేది ఏమీ లేదు. ఈ లెక్క నార్సు పురాణంలోది కాదు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నుంచి నడిచి వచ్చిన అనుభవ పాయింట్ల లెక్క. వేషం పాతకాలపుది, లోపల ఉన్నది ఖాతా పుస్తకం.

ఐతే ఈ కళారూపమే ఇంత అని తేల్చేయడం అన్యాయం. 2020లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్ వాల్‌హల్లా’లో ఆటగాడు నార్సు దోపిడీదారుడై ఇంగ్లండులోని మఠాలను కొల్లగొట్టి తన పల్లెను కట్టుకుంటాడు. సాధారణ జనాన్ని చంపవద్దని ఆట హెచ్చరిస్తుంది కూడా! చరిత్రలో ఆ పడవలు వెండితోపాటు మనుషుల్నీ ఎత్తుకుపోయాయి. డబ్లిను బానిసల సంత అయింది. ఆటగాడి కొల్ల లెక్కలో ఆ మనుషులు లేరు. దీనికి మూడేళ్ల ముందే, 2017లో, ‘హెల్‌బ్లేడ్’ వచ్చింది. సెనువా అనే పిక్టు జాతి యువతి, నార్సు దాడిలో బలైన ప్రియుడి తలను నడుముకు కట్టుకుని అతని ఆత్మకోసం హెల్ లోకానికి పోతుంది. తలలో ఆత్మ నిలుస్తుందన్నది కెల్టుల పాత నమ్మకం. ఆమెకు శత్రువుల దేవతల కథలన్నీ చెప్పేవాడు డ్రూత్ — వాళ్లకు బానిసగా బతికి తప్పించుకున్నవాడు. విజేతల పురాణాన్ని బానిస నోట వినిపించడం! మన విమర్శకులు సాహిత్యంలో ఏ దృష్టిని కోరుతున్నారో అది ఇక్కడ ఉంది. పోరాటాలు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాయి, నిజమే. కాని ఆ ఒక్క ఏర్పాటుకోసం ఆ విసుగును భరించవచ్చు.

ఇక మన సంగతి. 2020లో పూనా యువకులు చేసిన ‘రాజీ’లో సర్కసు పిల్ల తమ్ముడికోసం అసురులతో పోరాడుతుంది. కథానాయిక ఎంపిక ముచ్చటైనది. అయినా ఆయుధం దేవతలు ఇవ్వవలసిందే. పురాణం వైపు చూస్తే వరాలే దొరుకుతాయి. జానపదం వైపు చూస్తే మరొకటి దొరుకుతుంది. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావుల ‘పాతాళ భైరవి’ (1951) కథ ఏమిటి? తోటమాలి కొడుకు రాజకుమార్తెను ప్రేమిస్తాడు. నా అంత ఐశ్వర్యం తెచ్చి చూపించు, ఆపైన పిల్లనిస్తానంటాడు రాజు. మాయలన్నీ ఆ ఒక్క షరతులోంచి పుట్టుకొస్తాయి. నేపాళ మాంత్రికుడికి కావలసిందీ ఈ పేదవాడి ప్రాణమే — బలి ఇవ్వడానికి. ఆ కథలోంచి రాజు షరతును తీసేస్తే మిగిలేది కత్తియుద్ధం. రేపు మన ఇంజనీరింగు పిల్లలు దాన్ని ఆటగా చేస్తే, వాళ్లు ఏది ఉంచుతారు, ఏది తీసేస్తారు అన్నదే నా ఆసక్తి.

ఆ రాత్రి తోటలో ఈ కథ అంతా చెప్పాను. కుర్రవాడు శ్రద్ధగానే విన్నాడు.

“ఆటలో పెడితే ఆ భైరవి విగ్రహాలు ఎన్ని ఉండాలి మాస్టారూ?”

ఒకటే అన్నాను.

“ఒకటైతే అరగంటలో అయిపోతుందండీ” అన్నాడు. పక్క మంచం మీద ఉన్న అతని తాత మాత్రం, రాజు ఎంత ఐశ్వర్యం అడిగాడని నన్ను రెండోసారి చెప్పమన్నాడు.