నలుపు నుంచి మొదలుపెట్టిన టీవీ

టీవీ షోరూమ్‌లోకి అడుగుపెడితే గోడ నిండా వెలుగే. చిలకలు, పూలతోటలు, నీలి సముద్రాలు, పగిలిన దానిమ్మ గింజలు. ఏ సెట్టు చూసినా పక్కదానికంటే మెరవాలన్న ఆరాటమే కనిపిస్తుంది. చీకటిని మాత్రం అక్కడ ఎవరూ చూపించరు. రాత్రిపూట పొలం గట్టు మీద లాంతరు పట్టుకుని నడిచే మనిషి ఆ తెరల మీద ఎక్కడా కనబడడు. టీవీ పనితనం బయటపడేది అలాంటి దృశ్యంలోనే. 2007లో జపాన్ సంస్థ పయనీర్ ‘కురో’ పేరుతో విడుదల చేసిన ప్లాస్మా టీవీలు ఆ చీకటి మీదే దృష్టి పెట్టి తయారయ్యాయి. బొమ్మ బాగుండే టీవీని ఎంచుకోవడం ఎలాగో నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఇప్పటికీ అంతకంటే మంచి పాఠం లేదని నా నమ్మకం.

నలుపుకి ఎందుకంత ప్రాముఖ్యం? తెర మీద నల్లగా ఉండాల్సిన చోట కాస్త వెలుగు మిగిలిందంటే, అది అక్కడితో ఆగదు. ముదురు ఎరుపులోనూ కలుస్తుంది, నీలంలోనూ కలుస్తుంది, చామనఛాయ ముఖం మీద పడే నీడలోనూ కలుస్తుంది. అలా ప్రతి ముదురు రంగూ కొంచెం వెలిసిపోతుంది. నీడలు తేలిపోయేసరికి ముఖాలకు గుండ్రదనం పోయి బొమ్మ చదునుగా కనిపిస్తుంది. నలుపు నిజంగా నల్లగా ఉంటే వెలుగుని అంతగా పెంచకపోయినా మిగతా రంగులన్నీ నిండుగా నిలబడతాయి. పయనీర్ ఇంజనీర్లు పట్టుకున్న కీలకం ఇదే.

ఆ తెరని దగ్గర నుంచి చూద్దాం. 50 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్లాస్మా తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గదులు. అంటే మొత్తం 62 లక్షలకు పైగా గదులు, ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు ఐదో వంతు వెడల్పు. రెండు గాజు పలకల మధ్య మూసి ఉంచిన ఆ గదుల్లో నియాన్, జినాన్ వాయువులు ఉంటాయి. కరెంటు పెట్టగానే వాయువు రగిలి కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని ఇస్తుంది. అది గోడలకు పూసిన ఫాస్ఫర్‌కి తగిలి రంగు వెలుగవుతుంది. గదుల్లో వాయువుని రగిలించి బొమ్మ చూపే ప్లాస్మా తెరని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ కలిసి 1964లో కనిపెట్టారు. పయనీర్ పనితనమంతా ఆ గదిని కట్టడంలో ఉంది. నిలువు గోడలతో సరిపెట్టకుండా అడ్డగోడలు కూడా లేపి, ప్రతి గదినీ గుంతపొంగనాల పెనంలో గుంతలా విడిగా మలిచారు. దాంతో ఒక గది వెలుగు పైగదిలోకీ కిందిగదిలోకీ కారడం ఆగింది. ఫాస్ఫర్ పూయడానికి నాలుగు వైపులా గోడ దొరికింది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ప్లాస్మా గదికి సగం వెలగడం తెలియదు. వెలుగుతుంది, లేదంటే ఆరిపోతుంది. సెకనులో 60వ వంతు కాలంలో అది ఎన్నిసార్లు రగిలిందన్న దాన్ని బట్టి మన కంటికి కాంతి ఎక్కువగానో తక్కువగానో తోస్తుంది. అడిగిన క్షణానికి తడబడకుండా రగలాలంటే గదిని ముందుగా కొంచెం రాజేసి ఉంచాలి. ఆ రాజేయడం నల్లగా ఉండాల్సిన గదులకూ తప్పదు. అందుకే ఆ రోజుల్లో ఏ ప్లాస్మా టీవీ అయినా చీకటి గదిలో పెడితే, నల్ల దృశ్యంలో కూడా తెర మసగ్గా వెలుగుతూ ఉండేది.

దీనికి పయనీర్ కనుక్కున్న ఉపాయం నాకు ఎంతో ఇష్టం. గది పైకప్పు లాంటి ముందు గాజు లోపలి వైపున మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికాలను ఒక పొరగా పరిచారు. ఎలక్ట్రాన్లను సులువుగా వదిలే గుణం ఆ స్ఫటికాలకు ఉంది. కాబట్టి గది చటుక్కున రగులుతుంది, ముందుగా రాజేయాల్సిన అవసరం బాగా తగ్గిపోతుంది. 2007 కురోలో ఈ మిగులు వెలుగుని అంతకు ముందు తరంతో పోలిస్తే ఐదో వంతుకు దించామని సంస్థ ప్రకటించింది. 2008లో వచ్చిన తర్వాతి తరంలో అది మరింత తగ్గింది. అప్పటి సమీక్షకుల కొలతల్లో ఆ తెర నలుపు చదరపు మీటరుకి సుమారు 0.003 క్యాండెలా. లైట్లు ఆర్పేసి సినిమా పెడితే, పైనా కిందా ఉండే నల్ల పట్టీలు ఎక్కడ ముగిశాయో, టీవీ చట్రం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

గాజు విషయంలోనూ అంతే శ్రద్ధ. మామూలు ప్లాస్మాలో ప్యానెల్‌కి ముందు కాస్త ఖాళీ వదిలి ఇంకో గాజు పలక పెట్టేవారు. రెండు గాజుల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుని, ఇంట్లోని దీపాల ప్రతిబింబాలు తెర మీద జంటగా పడేవి. పయనీర్ ఆ పలకని తీసేసి వడపోత పొరని నేరుగా ప్యానెల్‌కే అంటించింది. ఈ మార్పు వల్ల పగటిపూట కూడా నలుపు అంతగా చెదరలేదు.

కదలికకి కూడా అదే చూపు. సినిమా సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తారు. 60 హెర్ట్జ్ తెర మీద ఆ లెక్క కుదరక ఒక ఫ్రేమ్‌ని మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపిస్తారు. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్‌లో కనిపించే చిన్న కుదుపుకి కారణం అదే. కురోలో 72 హెర్ట్జ్ పద్ధతి ఉండేది, ప్రతి ఫ్రేమూ సమంగా మూడేసి సార్లు. లెక్క సరిపోయింది, కుదుపు పోయింది.

ఇంత పనితనం ఉన్నా వ్యాపారం నిలబడలేదు. ధర ఎక్కువ, ఎల్‌సీడీలు ఏటికేడాది చవకవుతున్న కాలం. 2009 ఫిబ్రవరిలో పయనీర్ టీవీల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు సమీక్షకులు కొత్త టీవీ వస్తే దాని పక్కన పాత కురోని పెట్టి నలుపు పోల్చి చూసేవారు. తయారీ ఆగిపోయిన వస్తువుకి అంతకు మించిన గౌరవం ఏముంటుంది? లోపాలు లేవని నేను అనను. 50 అంగుళాల సెట్టు 30 కిలోలు దాటేది, కరెంటు బాగా తాగేది, తెర నిండా తెలుపు వస్తే కాంతి తగ్గించుకునేది. చానెల్ లోగో గంటల తరబడి ఒకేచోట ఉంటే దాని ముద్ర మిగిలే ప్రమాదమూ ఉండేది. మధ్యాహ్నం ఎండ హాల్లోకి సూటిగా పడే ఇంట్లో, కిటికీలు తీసి క్రికెట్ చూసేవారికి అది సరైన టీవీ కాదు.

ఈ రోజు ఆ నలుపుని అందుకున్నది, నిజానికి దాటేసింది ఓఎల్ఈడీ. దాంట్లో ప్రతి చుక్కా తనంతట తాను వెలిగి, నలుపు కావాల్సినప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. 55 అంగుళాల ఓఎల్ఈడీ టీవీని ఎల్‌జీ 2013లో అమ్మకానికి పెట్టింది. ఎల్‌సీడీలో అయితే వెనక దీపాలను భాగాలుగా విడివిడిగా ఆర్పే ఏర్పాటు ఉందా, ఎన్ని భాగాలు అన్నది చూడాలి. తక్కువ భాగాలుంటే నల్ల ఆకాశంలో చందమామ చుట్టూ తెల్లటి మసక అలుముకుంటుంది.

షోరూమ్‌లో నేనైతే మొదట అడిగేది ‘వివిడ్’ మోడ్ తీసేసి సినిమా మోడ్‌గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్‌గానీ పెట్టమని. తర్వాత పెట్టమనేది ‘మాయాబజార్’. 2010లో రంగులద్దిన ప్రతి వద్దు, 1957 నాటి నలుపు తెలుపు సినిమానే కావాలి. ఫొటోగ్రాఫర్ మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెల్లో పడవ సన్నివేశాన్ని మించిన పరీక్ష లేదు. నీళ్ల మీద మెరుపు, దానికి పక్కనే చీకటి, మధ్యలో బూడిదరంగు మెట్లు ఎన్నో ఉన్నాయి. హెచ్‌డీ ప్రమాణంలో తెలుపు అంటే 6500 కెల్విన్ ప్రాంతంలోని తెలుపు. టీవీ దానికి కట్టుబడి ఉంటే ఆ మెట్లన్నీ ఏ రంగూ అంటకుండా కనిపిస్తాయి. కట్టుబడకపోతే వెన్నెలకి నీలమో ఆకుపచ్చో అంటుకుంటుంది. రంగుల సినిమాలో కన్ను సర్దుకుపోయే ఈ తప్పు నలుపు తెలుపులో ఇట్టే దొరికిపోతుంది. చీకటి వైపు నీటి మీద చిన్న అలలు విడివిడిగా కనిపిస్తున్నాయా, లేక అంతా ఒకే నల్ల మరకగా మారిందా అన్నది కూడా చూడాలి. మరకగా మారితే అది లోతైన నలుపు కాదు, ఫొటోగ్రాఫర్ పెట్టిన వివరాన్ని టీవీ మింగేసిందన్నమాట.

తెర పరిమాణం కూర్చునే దూరాన్ని బట్టి ఉండాలి. 50 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు విడిగా కనపడాలంటే మామూలు చూపున్నవాళ్లు రెండు మీటర్లకంటే దగ్గరగా కూర్చోవాలి. సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే అదే సైజులో 4కే కోసం ఎక్కువ డబ్బు పోసే బదులు, మంచి నలుపున్న ప్యానెల్ మీద పెట్టడం తెలివైన పని. 120 హెర్ట్జ్ ప్యానెల్ దొరికితే తీసుకోండి. దాంట్లో 24 ఫ్రేముల సినిమా ఒక్కో ఫ్రేమ్‌కి ఐదేసి సార్లుగా సమంగా సరిపోతుంది.

ఇక శబ్దం. పయనీర్ పుట్టిందే స్పీకర్ కోసం. నొజొము మత్సుమొతో 1937లో ఏ-8 అనే డైనమిక్ స్పీకర్ తయారుచేసి, మరుసటి ఏడాది టోక్యోలో సంస్థ పెట్టారు. అలాంటి సంస్థ 2008లో తన అత్యుత్తమ కురో మానిటర్లను అసలు స్పీకర్లే లేకుండా అమ్మింది. గంభీరమైన ధ్వని పుట్టాలంటే గాలిని బాగా కదపాలి, దానికి స్పీకర్ కోనుకీ పెట్టెకీ చోటు కావాలి. పలుచని టీవీ ఒంట్లో ఆ చోటు ఉండదు. ఇప్పటి టీవీల్లో చాలావాటి స్పీకర్లు కింది వైపు తిరిగి ఉంటాయి. మాట బల్లకి తగిలి మన దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారుతుంది. అందుకే బడ్జెట్‌లో కొంత మొదటి నుంచే శబ్దానికి విడిగా ఉంచాలి. సౌండ్ బార్ కొంటే సంభాషణల కోసం మధ్యలో ప్రత్యేకంగా సెంటర్ స్పీకర్ ఉన్నది చూసుకోవాలి. టీవీకి, శబ్దాన్ని సౌండ్ బార్‌కి పంపే ఈ-ఆర్క్ సౌకర్యం ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఒక్క కేబుల్‌తో పని అయిపోతుంది. పరీక్షకి పాట పెట్టొద్దు, ఏ బార్ మీద వాయించినా పాట బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. వర్షంలో ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకునే సన్నివేశం పెట్టించి, వాల్యూమ్ పెంచకుండా ప్రతి మాటా అందుతోందో లేదో వినండి.