వెలిసిన రంగుల్లో మార్కాపురం

అర్ధవీడు ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతో పాటు నువ్వూ బయటికొస్తావు, మార్కాపురమా! అరచేయంత కలరు ఫొటో. అంచులు చుట్టుకుపోయాయి. నడుమ నీ సెంటరు, వెనక చెన్నకేశవుడి గాలిగోపురం.

పెట్టె చీకట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న ప్రింటులో నీలమే ముందు వెలుస్తుంది, ఎరుపు మిగులుతుంది. అందుకే నీ మిట్టమధ్యాహ్నం మునిమాపైంది. సోడాబండి, సైకిళ్లు, బిందె చంకనెత్తుకుని రోడ్డు దాటుతున్న ఆడమనిషి, అందరి మీదా ఒకటే కుంకుమ ఎండ. ఎర్రబస్సు ఒక్కటే ఏమీ పోగొట్టుకోలేదు. కంభంలో బస్సు మారి, నాయన చెయ్యి పట్టుకుని నేను దిగింది అలాంటి దాన్నుంచే. కొనాల్సింది ఒకటే, పలక.

ఓ పలకల తల్లీ! నేల పొరల్లోంచి రాతిని రేకులుగా విప్పి, కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగించి పంపావు. గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి బండి కూత వినిపించినంత మేరా, అది దాటీ, పసిపిల్లలు నీ ఒంటి మీదే ఓనమాలు దిద్దారు. ఉమ్మేసి చెరిపారు, మోచేత్తో తుడిచారు. కోపగించుకున్నావా ఎప్పుడైనా?

ఆ రోజులే బంగారమని మాత్రం అనను. ఫొటోకి దుమ్ము పడలేదు. బడికి పోవలసిన పిల్లలెందరో పలకల ఫ్యాక్టరీల్లో ఆ దుమ్ము పీల్చారు. ఆ బిందె నిండడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలుసు.

అయినా చూస్తూనే ఉంటాను. 1970 దాకా నీది కర్నూలు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లాలోకి వచ్చావు, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. దుకాణం బోర్డు మీద వీటిలో ఏ పేరుందోనని కళ్లద్దాలు పైకి తోసి, ఫొటో ముక్కుకి ఆనించుకుంటాను. అక్షరాలు అలికినట్టున్నాయి. వెనక్కి తిప్పితే తెల్లకాగితం. తీసిందెవరో, ఏ ఏడో, ఒక్క ముక్క లేదు. కలరు ప్రింటు కాబట్టి ఎనభైల్లోదై ఉంటుందని నా ఊహ.

మీ పెట్టెలోనూ ఇలాంటి సెంటరు ఒకటి ఉండే ఉంటుంది. తెలిసినవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి, ఊరూ ఏడూ పెన్సిలుతో వెనక రాసిపెట్టండి.