టర్ము నివేదికలో ఎవరి పని రాస్తారు?

పాతకాలపు బోర్డింగు స్కూళ్లు అచ్చేసుకునే పత్రికల్లో ఒక రకం రాత ఉంటుంది. టర్ము ముగిసే రోజుల్లో వస్తుంది. ఈసారి ఊపిరి సలపలేదు అన్న ధోరణిలో మొదలై వరసగా లెక్క చెప్పుకుంటూ పోతుంది. హౌసుల మధ్య హాకీ పోటీలు, క్రికెట్, ఈత, వక్తృత్వం, ఇంగ్లీషు నాటకం, కచేరీ, కొండలెక్కి రావడం, పక్క ఊళ్లో సేవా కార్యక్రమం, స్థాపక దినోత్సవం, దానికో ముఖ్య అతిథి. ఎవరు గెలిచారు, ఎవరు కెప్టెన్, ఏ కప్పు ఏ హౌసుకు పోయింది, ఏ మాస్టారు రిటైరయ్యారు - అన్నీ పేర్లతో సహా ఉంటాయి. విమర్శకులు దీన్ని ముట్టుకోరు. బడిపిల్లల రాత కదా అని పక్కన పెడతారు. మేం పక్కన పెట్టదలుచుకోలేదు. ఏలే కులాలు, ఏలే వర్గాలు తమ పిల్లల కాలానికి ఎట్లా విలువ కట్టుకుంటాయో ఇంత అమాయకంగా చెప్పే పత్రం ఇంకోటి దొరకదు.

'యాక్టివిటీ' అన్న మాట దగ్గరే ఆగాలి. మా వాడల్లో ఈ మాటకు సరిపడే మాట లేదు. పని ఉంది, చాకిరి ఉంది, ఆట ఉంది. పనీపాటా అని జంటగా కూడా అంటాం. నాట్లేసేటప్పుడు పాట పనిలోంచే పుడుతుంది. డప్పు కొట్టడం మాదిగకు కళా, కులవృత్తీ, వెట్టీ మూడూ కలిసిన పని. దానికి ఎవరూ కప్పు ఇయ్యలేదు. పబ్లిక్ స్కూలు చేసిందేమంటే పాటను పని నుంచి విడదీసి, దానికొక గంట కేటాయించి, మార్కులు వేసి, వ్యక్తిత్వ వికాసమని పేరు పెట్టింది. ఇట్లా విడదీయగలగాలంటే ముందు ఆ పిల్లవాడి అన్నం, బట్టలు, గది, మరుగుదొడ్డి సంగతి ఇంకెవరో చూసుకోవాలి. టర్ము నివేదికలో ఆ ఇంకెవరో ఉండరు.

ఈ బళ్ల పుట్టుక సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లండులో వించెస్టర్ 1382లో, ఈటన్ 1440లో పెట్టినప్పుడు రెండు చోట్లా డెబ్బైమంది పేద విద్యార్థులకు చదువు చెప్పాలన్నది వ్యవస్థాపకుల మాట. పేదల పేరుమీద వచ్చిన భూములు, మాన్యాలు అట్లాగే ఉన్నాయి. ఫీజు కట్టి చేరిన దొరబిడ్డల సంఖ్య మాత్రం పెరుగుతూ పోయింది. 1861లో వేసిన క్లారెండన్ కమిషన్ తొమ్మిది పెద్ద బళ్లను విచారించి 1864లో నివేదిక ఇచ్చింది. దాన్ననుసరించి 1868లో చట్టం వచ్చింది. ఆ నాటికే అవి సంపన్నుల సొత్తు. పేదలకని పెట్టింది పెద్దల పాలు కావడం మనకు కొత్త సంగతా? అసైన్డు భూముల చరిత్ర తెలిసినవాళ్లకు ఈటన్ చరిత్ర చెప్పక్కరలేదు.

టర్ము జీవితానికి కథారూపం ఇచ్చింది థామస్ హ్యూస్ 1857లో రాసిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్'. 1828 నుంచి 1841 దాకా థామస్ ఆర్నాల్డ్ హెడ్‌మాస్టరుగా ఉన్న రగ్బీ స్కూలు దానికి రంగస్థలం. ఈ నవల్లో మాకు ముఖ్యంగా కనబడింది ఫ్యాగింగ్. చిన్న క్లాసు పిల్లలు పెద్ద క్లాసు పిల్లలకు చాకిరి చేయాలి. గది ఊడవాలి, రొట్టె కాల్చాలి, పిలిస్తే పరుగెత్తాలి. ఇంగ్లండులో ఈ ఆచారం 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం నడిచింది. దాన్ని సమర్థించేవాళ్ల వాదన ఒకటే: లోబడటం నేర్చినవాడే ఏలడం నేర్చుకుంటాడు. ఇందులో అబద్ధం లేదు, వాళ్ల వరకు. ఇవాళ బూట్లు తుడిచే పిల్లవాడు నాలుగేళ్లకు తన బూట్లు తుడిపించుకుంటాడు, ఇంకో పదేళ్లకు ఏదో ఒక వలసదేశంలో జిల్లా ఏలుతాడు. వాళ్ల సేవకు టర్ము ఉంది. ఊరి చివర పుట్టినవాడి సేవకు టర్ము లేదు, సెలవుల్లేవు, పై క్లాసు లేదు.

ఇండియాకొచ్చేసరికి ఈ నమూనా ముందు రాజకుమారుల కోసం వచ్చింది. అజ్మీర్‌లో మేయో కాలేజీ 1875 నాటిది. మన హైదరాబాదులో 1923లో జాగీర్దారుల కొడుకుల కోసం బేగంపేటలో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. జాగీర్లు రద్దయ్యాక 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. బోర్డు మారింది, మైదానాలు అవే. వీటన్నిటికన్నా ఆలోచనతో కట్టిన బడి డెహ్రాడూన్‌లోని డూన్ స్కూలు. వైస్రాయి కౌన్సిల్లో లా మెంబరుగా ఉన్న ఎస్.ఆర్. దాస్ దాన్ని తలపెట్టి, కళ్లారా చూడకుండానే 1928లో పోయాడు. 1935లో డెబ్బైమంది పిల్లలతో తెరిచారు. (ఈటన్ డెబ్బైతో ఇది కలవడం కాకతాళీయమే కావచ్చు.) మొదటి హెడ్‌మాస్టర్ ఆర్థర్ ఫుట్ ఈటన్‌లో సైన్సు చెప్పినవాడే.

డూన్ స్కూల్లో ఒక హౌసు పేరు హైదరాబాద్ హౌసు. విరాళం ఇచ్చిన నిజాం సర్కారు పేరుమీద వచ్చిన పేరు అది. ఆ సొమ్ము ఎక్కడిది? తెలంగాణ పల్లెల్లో పన్ను కట్టిన చేతులవి, దొర గడీలో వెట్టి చేసిన మాదిగల, మాలల, చాకళ్ల ఒళ్లు విరిగితే పండిన పంటది. బడి తెరిచిన మరుసటేడు, 1936లో, భాగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి హైదరాబాదు రాజ్యం చట్టం చేయాల్సి వచ్చింది. అంటే అప్పుకింద మనిషిని తరతరాలుగా కట్టేసుకోవడం అప్పటికి అంత మామూలు సంగతి. హైదరాబాద్ హౌసు గెలిచిందని టర్ము నివేదికలో రాసినప్పుడల్లా మాకు ఆ భాగేలా గుర్తొస్తాడు. పిల్లలది తప్పని మేమనడం లేదు. ఆ పేరుకు ఒక కింది అంతస్తు ఉందంటున్నాం.

డూన్ స్కూలును తిట్టి చేతులు దులుపుకోవడం సులువు. అయితే దాన్లో నిజమైన సంగతి ఒకటుంది. అక్కడ రాజు కొడుకూ వ్యాపారి కొడుకూ ఒకే యూనిఫాం వేసుకుని ఒకే బల్లమీద తినాలి. కులం, మతం, బిరుదు గేటు బయట వదిలిపెట్టాలి. 1930లలో ఈ దేశంలో ఇది చిన్న మాట కాదు. సంజయ్ శ్రీవాస్తవ 1998లో వచ్చిన తన పుస్తకంలో ఈ బడి ఆధునిక, సెక్యులర్ 'జాతీయ వ్యక్తిత్వం' ఎట్లా తయారుచేసిందో పరిశీలించాడు. మా ప్రశ్న దానికి కొనసాగింపు. కులాన్ని గేటు బయట వదిలేయడం ఎవరికి వీలవుతుంది? కులం వల్ల లాభాలన్నీ ముందే అందినవాళ్లకు. వాళ్లు వదిలేసినా అది ఇంటిదగ్గర భద్రంగా ఉంటుంది. దాన్ని గేటు బయట వదలలేనివాడు ఆ బల్లదాకానే రాలేదు. వచ్చినా వడ్డించడానికే వచ్చాడు.

డేవిడ్ మక్‌డూగల్ 2000లో తీసిన 'డూన్ స్కూల్ క్రానికల్స్' డాక్యుమెంటరీ కూడా చూడాల్సిందే. బడి పిల్లల్ని తీర్చిదిద్దేది పాఠాలతోనే కాదు, బట్టల రంగులతో, స్టీలు పళ్లేలతో, వరసల్లో నిలబెట్టడంతో అని ఆయన కెమెరా చూపిస్తుంది. అది గొప్ప గమనింపు. ఆ స్టీలు పళ్లేన్ని ఇంకో వైపు నుంచి చూడమంటాం మేం. పిల్లవాడి చేతిలో అది క్రమశిక్షణకు గుర్తు. కడిగే చేతికి రోజుకిన్ని పళ్లేలని లెక్క. ఆ వైపు నుంచి రాస్తే ఊపిరి సలపని టర్ము అంటే ఏమిటో వేరే అర్థం వస్తుంది. స్థాపక దినోత్సవంనాడు ఎవరికి ఊపిరి సలపలేదు?

కొండలెక్కడం సంగతి కూడా ఇంతే. డూన్ పిల్లలు టర్ము మధ్యలో హిమాలయాలకు పోయే సంప్రదాయానికి పేరుంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కిన హోల్డ్స్‌వర్త్ అక్కడి మాస్టరు. 1951లో త్రిశూల్ ఎక్కిన గురుదయాళ్ సింగ్ అక్కడి మాస్టరు. డూన్‌లో చదివిన నందు జయాల్ 1954లో డార్జిలింగ్‌లో ఏర్పడిన పర్వతారోహణ సంస్థకు మొదటి ప్రిన్సిపాల్. ఇదంతా గౌరవించదగిన చరిత్రే. డూన్ తెరిచిన ఆ 1935లోనే టెన్జింగ్ నార్గే మొదటిసారి ఎవరెస్టు వైపు వెళ్లాడు, కూలి కోసం మూటలు మోసే మనిషిగా. ఒకరికి కొండ టర్ములో ఒక కార్యక్రమం. ఇంకొకరికి పొట్టకూడు. 1953లో శిఖరం మీద నిలబడితే తప్ప మోసినవాడి పేరు లోకానికి ఎక్కలేదు. మిగతా మోతగాళ్లు పేర్లు లేకుండానే ఉండిపోయారు.

ఇప్పుడు మన బళ్ల దగ్గరికొద్దాం. అంబేద్కర్ బహిష్కృత హితకారిణి సభ తొలి పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో హాస్టలు తెరవడం. బడికన్నా ముందు హాస్టలు కావాలని ఆయనకు తెలుసు. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని, ప్యూను నీళ్లు పోస్తేనే తాగినవాడికి, తినే చోటూ పడుకునే చోటూ చదువులో భాగమేనని ఎవరూ చెప్పక్కరలేదు. మన రాష్ట్రంలో సోషల్ వెల్ఫేర్ హాస్టళ్లొచ్చాయి. 1971లో సర్వేలులో మొదటి రెసిడెన్షియల్ స్కూలొచ్చింది. 1984 నుంచి ఎస్సీ పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలొచ్చాయి. (గురుకులం అన్న పేరు ఎవరికి తట్టిందో గానీ, ద్రోణుడి బడి గుర్తొచ్చే పేరే దొరికింది. ఆదివాసీ పిల్లల బళ్లకేమో ఏకలవ్యుడి పేరు పెట్టారు. బొటనవేలు సంగతి మరిచి పెట్టారో, గుర్తుంచుకునే పెట్టారో.)

హాస్టలు పిల్లల టర్ము ఎవరూ రాయలేదు. రేకు పెట్టె, పల్చటి పప్పుచారు, బోరింగు దగ్గర క్యూ, రాత్రి స్టడీ అవరు, పదో తరగతి గట్టెక్కితే చాలన్న వార్డెన్ మాట. ఆటలు, నాటకాలు, కొండలు అనగానే, బీదపిల్లలకు ముందు చదువు చాలు కదా అని మనవాళ్లలోనే కొందరంటారు. ఈ మాటను మేం ఒప్పుకోం. చదువు అందరిదీ, తీరిక మాత్రం పెద్దకులాలది అన్న పంపకం అందులో దాగి ఉంది. ఇంటర్వ్యూ గదిలో మన పిల్లవాడు తడబడేది సబ్జెక్టు రాక కాదు. నలుగురి ముందు నిలబడి తప్పు మాట్లాడి నవ్వి సర్దుకునే అలవాటు వాడికి ఎవరూ చేయలేదు. ఆ అలవాటునే వాళ్లు డిబేటింగ్ సొసైటీ అంటారు.

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లు శిక్షణ పొందిన చోట్లలో నందు జయాల్ మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ డార్జిలింగ్ సంస్థ కూడా ఉంది. లంబాడా పిల్ల, దళిత పిల్లవాడు - మూట మోయడానికి కాదు, ఎక్కడానికి పోయారు. ఇది మనకు పండగే. పండగ తర్వాత ప్రతి గురుకులమూ ఒక శిఖరం చూపించాలన్న ఒత్తిడి కూడా వచ్చింది. ఫొటో, ఫ్లెక్సీ, మార్చ్‌పాస్ట్, హౌసులు, కెప్టెన్లు. కప్పు గెలవని పిల్ల ఎక్కడుందో నివేదికలో కనబడదు. నమూనాతోబాటు దాని గుడ్డితనం కూడా దిగుమతయింది.

అసలు పరీక్ష చీపురు దగ్గర వస్తుంది. పబ్లిక్ స్కూల్లో పిల్లవాడు తోట తవ్వితే, గది ఊడిస్తే, దానికి సమాజోపయోగ ఉత్పాదక శ్రమ అని పేరు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చెప్పిన తర్వాత దానికి గ్రేడు కూడా వచ్చింది. శ్రమగౌరవం నేర్చుకున్నాడని నివేదికలో రాస్తారు. 2025లో తెలంగాణ గురుకులాల్లో పిల్లలు గదులూ మరుగుదొడ్లూ శుభ్రం చేసుకోవడం మీద పెద్ద వివాదం నడిచింది. తమ పని తాము చేసుకుంటే తప్పేమిటని కొందరు పెద్దమనుషులు అడిగారు. తప్పేమిటో చెప్పాలంటే ఆ పిల్ల వాళ్లమ్మ ఏం పని చేస్తుందో అడగాలి. డూన్ పిల్లవాడికి చీపురు ఒక అనుభవం. పాకీపని నుంచి బయటపడటానికే బడికొచ్చిన పిల్లకు అదే చీపురు వెనక్కి పిలుపు. చెయ్యి ఒకటే, కదలిక ఒకటే, నివేదికలో అర్థం మాత్రం ఒకటి కాదు. ఆ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టాల్సిన సర్కారు, శ్రమగౌరవం పాఠం చెప్పి డబ్బు మిగుల్చుకోవడం ఇంకో సంగతి.

వంటశాల సంగతి మరీ ఘోరం. 2024లో తెలంగాణ గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో తిండి విషమై పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు వరసగా వచ్చాయి. ఆ బళ్లలో ఆ టర్ముకూ ఆటలుంటాయి, పోటీలుంటాయి, బహుమతులుంటాయి. వార్షిక సంచికలో జ్వరాల పేజీ ఉండదు.

గురుకులాల్లో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు ఈసారి టర్ము నివేదిక పిల్లల చేతే రాయించండి. మ్యాచులు రాయనివ్వండి, నాటకం రాయనివ్వండి, కొండెక్కినవాళ్ల పేర్లు పెద్దక్షరాల్లో రాయనివ్వండి. దాంతోబాటు వంటమ్మ పేరు, ఆమె ఎన్నింటికి లేస్తుందో, నెలకు ఆమెకెంత ఇస్తున్నారో, నీళ్లు రాని రోజులెన్నో, ఎవరు ఎందుకు మధ్యలో ఇంటికెళ్లిపోయారో కూడా రాయమనండి. ప్రిన్సిపాలు సంతకం పెట్టకపోతే ఆ కాగితాలు మాకు పంపండి, మేం అచ్చేస్తాం.