బిల్లుందా?

డైవింగ్ షాపు వెనక గదిలో రెగ్యులేటర్లు (సిలిండర్‌లోని గాలిని ఊపిరికి అందించే పరికరాలు) బాగుచేసే మనిషి మొదట అడిగేది ‘ఏమైంది’ అని కాదు, ‘బిల్లుందా’ అని. అమెరికాలో ఈ ప్రశ్న వినని స్కూబా డైవర్ తక్కువ. బిల్లు మీద షాపు పేరు చూసి ఆ మనిషి ముఖం మారిందంటే కథ అర్థమైనట్టే: సరుకు అసలుదే, కొన్న చోటు మాత్రం కంపెనీ జాబితాలో లేదు.

డాలస్‌లో ఉండే తెలుగు ఇంజినీరు ఒకాయన ఉన్నాడనుకుందాం. డైవింగ్ సర్టిఫికెట్ చేతికొచ్చిన ఉత్సాహంలో సొంత రెగ్యులేటర్ కొనాలనుకున్నాడు. ఊళ్లో షాపువాడు చెప్పిన ధర కన్నా ఆన్‌లైన్‌లో రెండొందల డాలర్లు తక్కువ. అదే కంపెనీ, అదే మోడల్, అదే పెట్టె. ఆర్డర్ పెట్టేశాడు. ఏడాది తిరిగేసరికి మౌత్‌పీస్‌లోంచి గాలి సన్నగా బుసకొట్టడం మొదలైంది. ఊళ్లో షాపుకు పట్టుకెళ్తే, కూలీ ఇస్తే బాగుచేస్తాం కానీ కంపెనీ నుంచి ఉచితంగా రావాల్సిన విడిభాగాలు దీనికి రావన్నారు. ఆయన దొంగసొత్తు కొన్నాడా? లేదు. నకిలీ కొన్నాడా? అదీ లేదు. ఆయన కొన్నది గ్రే మార్కెట్ సరుకు.

ఈ సరుకు ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక దేశపు పంపిణీదారు తక్కువ ధరకు కొన్నది ఇంకో దేశానికి తిరుగుతుంది. అమ్ముడుపోని నిల్వను అధీకృత డీలరే చడీచప్పుడు లేకుండా వదిలించుకుంటాడు. ఇలా కొనడం, అమ్మడం అమెరికాలో నేరం కాదు. థాయిలాండ్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఓ విద్యార్థి తన దేశంలో చౌకగా దొరికే పాఠ్యపుస్తకాలను బంధువుల చేత తెప్పించి అమెరికాలో అమ్మితే, ప్రచురణకర్త కోర్టుకు ఈడ్చాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013లో కోర్టు విద్యార్థి పక్షానే నిలిచింది. న్యాయంగా కొన్న వస్తువును తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడిది. అయితే సరుకుతో పాటు కంపెనీ ఇచ్చిన వారంటీ మాట కూడా చేతులు మారుతుందా అన్నది వేరే లెక్క. ఇంజినీరుగారు ఇరుక్కున్నది అక్కడే.

అధీకృత షాపుల్లోనే కొనాలని కంపెనీలకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ వ్యాపారం నిలదొక్కుకున్నదే అలా. 1943లో కూస్తో, గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ అనే స్కూబా పరికరం తయారుచేశాక తొలినాళ్లలో ఈ సామాను క్రీడాసామగ్రి దుకాణాల్లోనూ దొరికేది. 1963లో గుస్తావ్ డల్లా వల్లె, డిక్ బోనిన్ స్కూబాప్రో కంపెనీని నిలబెట్టినప్పుడు (ఆ పేరును ఒక్క డాలరుకు కొన్నారని డైవర్లు చెప్పుకుంటారు) ఒక గీత గీశారు. డైవింగ్ నేర్పే, గాలి నింపే, మరమ్మతు చేసే షాపులకే తమ సరుకు. ఆ షాపులు బతికాయి, వాటితో పాటు బ్రాండూ బతికింది. మిగతా పెద్ద కంపెనీలూ అదే బాట పట్టాయి.

కంపెనీలు చెప్పే కారణం ప్రాణరక్షణ. అందులో నిజం ఉంది. సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. రెగ్యులేటర్ మొదటి దశ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా ఓ తొమ్మిది, పది బార్లు ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో పెట్టుకునే రెండో దశ దాన్ని ఊపిరికి సరిపోయేలా చేస్తుంది. పది మీటర్లు దిగితే నీటి ఒత్తిడి మరో బారు పెరుగుతుంది. ఇంత పనీ చేసేది వేలి గోరంత ప్లాస్టిక్ సీటు, కొన్ని రబ్బరు ఓ-రింగులు. సీటు అరిగితే లోపల ఒత్తిడి కొద్దికొద్దిగా ఎక్కుతూ పోతుంది. గేజి తగిలించి ముల్లు నిలిచిందా, పాకుతోందా అని చూడటం ఈ పనిలో మొదటి పాఠం. విప్పడం, అల్ట్రాసోనిక్ తొట్టిలో ఉప్పు వదిలించడం, కొత్త సీటు వేసి ఒత్తిడి సరిచేయడం తెలిసిన చేతులు చేయాల్సిన పని. ఇక్కడిదాకా కంపెనీతో పేచీ లేదు.

చెప్పని కారణం ధర. బయట చౌకగా దొరుకుతుంటే ఊళ్లో షాపు చెప్పిన ధర నిలవదు. తయారీదారు కనీస అమ్మకపు ధర నిర్ణయించడం దానంతటదే చట్టవిరుద్ధం కాదని, కేసును బట్టి చూడాలని అమెరికా సుప్రీంకోర్టు 2007లో ఓ తోలు సామాన్ల కంపెనీ కేసులో చెప్పింది. దాంతో ఈ తరహా కట్టుబాట్లకు ఊపిరి దొరికింది. బయట కొంటే వారంటీ ఉండదన్న షరతు ఆ కట్టుబాటుకు కాపలాదారు కూడా.

ఇంతకీ ఈ కంపెనీలు ఇచ్చే ‘లైఫ్‌టైమ్ వారంటీ’లో ఉండేదేమిటి? చిన్న అక్షరాలు చదివితే నవ్వొస్తుంది. సాధారణంగా అది మొదట కొన్నవారికే, తయారీ లోపాలకే. ఓ-రింగులు, సీట్లు, మౌత్‌పీస్ వంటి అరిగిపోయేవాటికి వర్తించదు. అంటే పోయే భాగాలకు వారంటీ లేదు, వారంటీ ఉన్న ఇత్తడి ముద్ద ఎన్నాళ్లకూ పోదు! నిజంగా విలువైంది దాని పక్కన ఉండే ఇంకో పథకం: ఏటా అధీకృత షాపులో సర్వీసు చేయిస్తే విడిభాగాలు ఉచితం అనేది. కొన్ని కంపెనీలు చాలా ఏళ్లు దీన్ని నడిపాయి. కూలీ మాత్రం కొన్నవారిదే. గ్రే మార్కెట్‌లో కొన్నవారు పోగొట్టుకునేది ప్రధానంగా దీన్ని. రెండొందల డాలర్ల ఆదా ఎన్ని సర్వీసులకు సరిపోతుందో లెక్కేసుకుంటే కొందరికి లాభమే తేలుతుంది కూడా. ఈ మాట షాపువాళ్లు చెప్పరు.

చట్టం ఏమంటుంది? అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వారంటీ ఇచ్చి తీరాలని ఎవరినీ బలవంతపెట్టదు. ఇస్తే మాత్రం షరతులు స్పష్టంగా రాయమంటుంది. ఫలానా చోటే డబ్బు కట్టి సర్వీసు చేయించుకుంటేనే వారంటీ నిలుస్తుందని ముడిపెట్టొద్దంటుంది. ఇలాంటి ముళ్ల విషయంలోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022లో హార్లీ-డేవిడ్‌సన్, వెబర్ కంపెనీల మీద చర్య తీసుకుంది. ఆ లెక్కన చూస్తే, డబ్బు కట్టి అధీకృత షాపులోనే ఏటా సర్వీసు చేయించాలనే డైవింగ్ వారంటీల షరతు కూడా నిలదీయదగ్గదే.

న్యూయార్క్ ఇంకో అడుగు ముందుకేసింది. ఫలానా డీలరు అమ్మాడన్న ఒకే కారణంతో ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసే తయారీదారు వారంటీని కుదించకూడదని అక్కడి జనరల్ బిజినెస్ లా 369-బి సెక్షన్ చెబుతుంది. తమాషా ఏమిటంటే, గ్రే మార్కెట్ సరుకుకు కంపెనీ వారంటీ లేకపోతే ఆ సంగతి కొనేవారికి తెలిసేలా రాసిపెట్టమనే సెక్షన్ కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇక యూరప్‌లో కంపెనీ వారంటీ ఎలా ఉన్నా అమ్మినవాడు కనీసం రెండేళ్లు బాధ్యుడు.

మన దేశంలోనూ ఈ పేచీ నడిచింది. విదేశాల నుంచి శాంసంగ్ ప్రింటర్లు తెచ్చి అమ్మిన వ్యాపారుల కేసులో ఢిల్లీ హైకోర్టు 2012లో అమ్ముకోవచ్చంది. కానీ వీటికి శాంసంగ్ వారంటీ లేదు, బాధ్యత మాదే అని షాపులో కనబడేలా బోర్డు పెట్టమంది. 2014లో శాన్‌డిస్క్ తన సరుకును అధీకృత పంపిణీదారుల దగ్గరే కొనాలని పట్టుబడితే కాంపిటీషన్ కమిషన్ తప్పు పట్టలేదు.

అధీకృతం కాని అమ్మకందారులు చాలామంది కంపెనీ వారంటీ బదులు తమ సొంత వారంటీ ఇస్తారు. అది ఉత్తమాటేమీ కాదు, కొన్ని పెద్ద దుకాణాలు నిలబెట్టుకుంటాయి. ఇబ్బంది ఎక్కడంటే, రెగ్యులేటర్‌ను పార్సిల్ చేసి వేరే రాష్ట్రానికి పంపాలి, అది తిరిగొచ్చేదాకా ఆగాలి. ఆ దుకాణం మూతబడితే కాగితం కాగితమే. భద్రత కోసం వెనక్కి పిలవడం మాత్రం వేరే. 2018లో సిలిండర్ ఒత్తిడిని వైరు లేకుండా చేతి కంప్యూటర్‌కు పంపే ట్రాన్స్‌మిటర్లు పగిలే ప్రమాదం ఉందని సుంటో కంపెనీ తనిఖీకి పిలిచింది. అలాంటప్పుడు చూడాల్సింది పరికరాన్ని, బిల్లును కాదు. ఎక్కడ కొన్నా సరే సీరియల్ నంబరు రాసిపెట్టుకోవాలి.

విశాఖ రుషికొండ దగ్గర ఇప్పుడు స్కూబా నేర్పుతున్నారు. అండమాన్ వెళ్లొచ్చి సొంత సామాను మీద మోజు పడ్డ తెలుగువాళ్లూ కనబడుతున్నారు. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో రెగ్యులేటర్ తెప్పించుకోవాలనుకునేవారికి ఒక్క మనవి. మాస్కు, ఫిన్స్ ఎక్కడ చౌకైతే అక్కడ కొనండి. రెగ్యులేటర్ ఆర్డర్ పెట్టేముందు మాత్రం మీరు డైవ్ చేసే సెంటర్‌కు ఫోన్ చేసి, ఏ కంపెనీ సర్వీసు కిట్లు వాళ్ల దగ్గర ఉన్నాయో, విప్పి బిగించేది ఎవరో కనుక్కోండి. బావగారికి మోడల్ పేరు ఆ తర్వాత చెప్పవచ్చు.